కొండ నేలను నమ్ముకున్న స్టోక్స్ గారు

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుడి జీవితం రాసి పంపమని కార్యదర్శి గారు ఉత్తరం రాశారు. గాంధీ గారి గురించి, ప్రకాశం పంతులు గారి గురించి నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను భూసార పరీక్షా కేంద్రంలో 31 సంవత్సరాలపాటు మట్టి పొట్లాలు విప్పి, ఆరబెట్టి, జల్లించి, ఫలితాలు కార్డుల మీద రాసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిందల్లా మట్టి. అందుచేత కొండ మీది మట్టిని నమ్ముకుని ఒక ప్రాంతం తలరాత మార్చిన మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు శామ్యూల్ ఇవాన్స్ స్టోక్స్. తరవాత సత్యానంద స్టోక్స్ అయ్యారు. హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ రైతుల ఇళ్ళలో ఆయన పేరు తెలియనివారు అరుదు. మన వైపు మాత్రం ఆయన తెచ్చిన పండు అందరికీ తెలుసు, ఆయన సంగతి తెలిసినవారు తక్కువ.

స్టోక్స్ గారు 1882 ఆగస్టు 16న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పుట్టారు. తండ్రి లిఫ్టులు తయారుచేసే కంపెనీ యజమాని. క్వేకర్ శాఖకు చెందిన సంపన్న కుటుంబం. కుర్రవాడు కాస్త ఎదిగాక వ్యాపారంలోకి వస్తాడని తండ్రి ఎదురుచూశారు. ఆయన మనసు అటు పోలేదు. భారతదేశంలో కుష్ఠురోగులకు సేవ చేస్తున్న ఒక డాక్టర్ దంపతుల మాటలు విని, 1904లో, ఇంకా 22 ఏళ్ళు నిండకముందే ఓడ దిగి బొంబాయిలో అడుగుపెట్టారు. సిమ్లా కొండల దిగువనున్న సబాథు కుష్ఠురోగుల ఆశ్రమంలో పనికి చేరారు. మరుసటి ఏడాది, 1905 ఏప్రిల్‌లో కాంగ్రా లోయలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ సహాయ కార్యక్రమాల్లో కూడా ఆయన పనిచేశారు. మైదానం ఎండలు ఆయన ఒంటికి పడకపోవడంతో కొండ మీది కోట్‌గఢ్‌కు పంపారు. అలా పరిచయమైన ఊరు చివరికి ఆయన సొంత ఊరైంది.

మొదట్లో ఆయన మిషనరీ. కొన్నాళ్ళు అన్నీ వదిలి సాధువులా తిరిగారు. సాధు సుందర్ సింగ్ ఆయనకు సహచరుడు, సి.ఎఫ్. ఆండ్రూస్ మిత్రుడు. ఆ దశను ఇక్కడ సాగదీయను. 1912లో కోట్‌గఢ్ ప్రాంతపు రాజపుత్ర క్రైస్తవ కుటుంబానికి చెందిన ఆగ్నెస్ గారిని పెళ్ళి చేసుకున్నారు. తెల్లదొర కొండ పిల్లను పెళ్ళాడి, ఆ ఊళ్ళోనే కాపురం పెట్టి, దేశీ బట్టలు కట్టుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తెల్లవాళ్ళూ ముక్కు మీద వేలేసుకున్నారు, ఊరివాళ్ళూ వేసుకున్నారు. థానేధార్ దగ్గర బారోబాగ్ అనే చోట భూమి కొని, ఇల్లు కట్టుకుని వ్యవసాయం మొదలుపెట్టారు.

ఇక నాకు ఇష్టమైన విషయానికి వస్తాను. మా అబ్బాయి చండీగఢ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక సెప్టెంబరులో నన్నూ మా ఇంటావిడనూ సిమ్లా తీసుకెళ్ళాడు. వాళ్ళు మాల్ రోడ్డు మీద శాలువాలు చూస్తుంటే నాకు విసుగు పుట్టి, మరునాడు పోరుపెట్టి అందరినీ కోట్‌గఢ్ బయల్దేరదీశాను. సిమ్లా నుంచి నార్కండా వరకు సుమారు 60 కిలోమీటర్లు, అక్కడినుంచి కిందికి దిగాలి. ఒకవైపు దేవదారు అడవి, మరోవైపు చాలా లోతున సట్లెజ్ నది. కొండ వాలంతా మెట్లు మెట్లుగా తోటలు. 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తులో ఉన్న ఆ తోటల్లో నేను పండుకంటే ముందు చెట్టు కింద మట్టిని చేతిలోకి తీసుకున్నాను. మా ఇంటావిడ నవ్వింది. ఉద్యోగం పోయినా బుద్ధి పోలేదని దాని భావం.

ఆ మట్టి మన మట్టి కాదు. మన దగ్గర నల్లరేగడి గానీ, చల్కా నేల గానీ పరీక్షకు వస్తే సేంద్రియ కర్బనం గడిలో తక్కువ అని రాయడం మాకు అలవాటైపోయిన పని. మన ఎండలకు నేలలో వేసిన ఆకూ అలమూ పశువుల ఎరువూ త్వరగా కుళ్ళి హరించుకుపోతాయి. కొండ మీద చలి కాబట్టి కుళ్ళడం నెమ్మది. అడవిలో రాలిన ఆకు ఏళ్ళ తరబడి పేరుకుని, పైపొర గోధుమ రంగులోనో నలుపులోనో గుల్లగా ఉంటుంది. అది చూసి ఇక్కడ ఏం నాటినా పండుతుందని మైదానం మనిషి అనుకుంటాడు. అసలు కష్టం వేరే చోట ఉంది. ఆ మంచి పొర చాలాచోట్ల పలచన. దాని కింద రాళ్ళు. వాలు ఎక్కువ కాబట్టి ఒక్క పెద్ద వాన నాలుగేళ్ళ మట్టిని సట్లెజ్ పాలు చేయగలదు. పైగా వాన నీరూ, కరిగిన మంచు నీరూ నేలలోని సున్నాన్ని కిందికి కడుక్కుపోతాయి. అందుకని అక్కడి నేలలు చాలావరకు కొద్దిగా పులుపు వైపు ఉంటాయి. ఉదజని సూచిక ఐదున్నర, ఆరున్నర మధ్య ఉంటే ఆపిల్‌కు బాగా సరిపోతుంది. అంతకన్నా దిగితే సున్నం వేయాలి. మనం చౌడు భూములకు జిప్సం సిఫారసు చేసి చేసి రిటైరయ్యాం. అక్కడి మా సోదర ఉద్యోగులు సున్నం సిఫారసు చేస్తారు.

ఆపిల్ వేరుకు నీరు కావాలి గానీ నీరు నిలవకూడదు. నిలిస్తే వేరు కుళ్ళుతుంది. వాలు నేల ఆ మేరకు వరమే. మెట్టు మెట్టుకూ రాతి గట్టు కట్టి, ముందుగా లోతైన గుంత తీసి, ఏరిన రాళ్ళు పక్కన పెట్టి, పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, అది కుదురుకున్నాక చలికాలంలో, మొక్క నిద్రలో ఉన్నప్పుడు నాటతారు. చెట్టు చుట్టూ పాదు చేసి గడ్డి పరుస్తారు. పాదులకు మధ్యనున్న గడ్డిని పీకేయరు. అది మట్టిని పట్టి ఉంచుతుంది. ఉత్తరం వైపు వాలు మీద మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది, తేమ ఉంటుంది. దక్షిణం వాలుకు ఎండ తగిలి త్వరగా ఆరిపోతుంది. ఒకే కొండ, ఒకే మట్టి, రెండు వైపులా రెండు రకాల సేద్యం. మంచును అక్కడివాళ్ళు తెల్ల ఎరువుగా చెప్పుకుంటారు. అందులో పోషకాలు ఉన్నాయని అర్థం కాదు. నెమ్మదిగా కరిగి, మట్టిని కోయకుండా లోపలికి ఇంకుతుందని, చెట్టుకు కావలసిన చలి దొరుకుతుందని అర్థం. డెలిషియస్ వంటి రకాలకు ఏడు డిగ్రీల కంటే తక్కువ చలి ఏడాదికి వెయ్యి గంటలకు పైగా అందాలి. అందకపోతే పూత సరిగా రాదు.

స్టోక్స్ గారు మొదట ధాన్యాలూ కూరగాయలూ వేసి చూశారు. కొండ రైతుకు కావలసింది ఏమిటో అప్పుడే ఆయనకు తెలిసి ఉంటుందని నా నమ్మకం. రెండు మూడెకరాల మెట్ల మళ్ళలో గోధుమ, మొక్కజొన్న వేసుకుంటే ఇంట్లో గింజలు ఏడాది పొడుగునా రావడమే కష్టం, చేతిలోకి డబ్బు రావడం మరీ కష్టం. ఆ నేలలో, ఆ చలిలో మైదానం వాడు పండించలేని పంట ఏదైనా ఉంటేనే కొండవాడికి గిట్టుబాటు.

ఆపిల్ ఆ కొండలకు బొత్తిగా కొత్త కాదని ఇక్కడ చెప్పాలి. కులూ లోయలో బండ్రోల్ దగ్గర కెప్టెన్ లీ అనే ఇంగ్లీషు అధికారి 1870 ప్రాంతంలోనే తోట వేశారు. కానీ అవి ఇంగ్లీషువారి నోటికి నచ్చే పుల్లటి రకాలు. మన జనానికి పండంటే తియ్యగా ఉండాలి. స్టోక్స్ గారు అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని స్టార్క్ సోదరుల నర్సరీ నుంచి రెడ్ డెలిషియస్ మొక్కలు తెప్పించి 1916లో నాటారు. ఆ రకానికీ ఒక కథ ఉంది. అయోవా రాష్ట్రంలో జెస్సీ హయట్ అనే రైతు తోటలో వరస తప్పి మొలిచిన మొక్క అది. ఆయన దాన్ని రెండుసార్లు నరికేశాడట, రెండుసార్లూ మళ్ళీ చిగిర్చిందట. సరే బతకనీ అని వదిలేస్తే ఆ పండు లోకమంతా తిరిగింది. తరవాత 1921 ప్రాంతంలో స్టోక్స్ గారి తల్లి గోల్డెన్ డెలిషియస్ మొక్కలు కూడా పంపించారు. ఇది ముచ్చట కోసం మాత్రమే జరిగిన పని కాకపోవచ్చు. రెడ్ డెలిషియస్ తన పుప్పొడితో తాను కాయదు. పక్కన వేరే రకం పూయాలి, తేనెటీగలు తిరగాలి. పసుపు ఆపిల్ చెట్టు తోటలో ఉంటే ఎర్ర ఆపిల్ బాగా కాస్తుంది.

నాటడం ఒక రోజు పని. కాపుకు రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో కోట్‌గఢ్‌లో జరిగింది చదివితేనే ఆయన ఎంత పెద్ద మనిషో తెలుస్తుంది.

ఆ కొండల్లో బేగార్ అనే వెట్టి ఉండేది. హిందుస్థాన్ - టిబెట్ రోడ్డు ఆ ఊళ్ళ మీదుగా పోతుంది. వేసవి రాగానే దొరలు, వారి అతిథులు, వేటకు వెళ్ళేవారు ఆ దారినే వెళ్ళేవారు. వారి పెట్టెలు, డేరాలు మోయడానికి ఊరి రైతులు పిలిచినప్పుడల్లా రావాలి. కూలి ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేదు. కొండ మీద సేద్యానికి దొరికే కాలమే తక్కువ. మంచు కరిగాక ఎరువు మోసుకోవాలి, జారిన గట్టు ఎత్తుకోవాలి, విత్తుకోవాలి. సరిగ్గా ఆ నెలల్లోనే రైతు తన పొలం వదిలి పరాయివాడి పెట్టె నెత్తిన పెట్టుకుని నడవాలి. ఒక్క ఏడాది గట్టు కట్టకపోతే వానకు మడి మడే పోతుంది. సొంత మట్టిని కాపాడుకునే తీరిక లేనివాడికి అంటు మొక్క ఇచ్చి ఏం లాభం? స్టోక్స్ గారు ఊళ్ళన్నీ తిరిగి రైతులను కూడగట్టారు, ప్రభుత్వంతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు, చివరికి మూటలు మోయబోమని జనం గట్టిగా నిలబడేలా చేశారు. 1921లో అక్కడ వెట్టి పోయింది. మొక్కలు తెచ్చినందుకు ఆయనకు దండాలు పెట్టేవారు ఈ సంగతిని కాస్త తక్కువ తలుచుకుంటారని నాకనిపిస్తుంది. నా లెక్కలో ఇదే పెద్దది.

అదే ఏడాది ఆయన గాంధీ గారి ఉద్యమంలో మునిగిపోయారు. ఖద్దరు కట్టారు, అఖిల భారత కాంగ్రెస్ కమిటీలో సభ్యులయ్యారు. ప్రభుత్వ ఉద్యోగాలు వదిలేయమని భారతీయులకు పిలుపునిస్తూ 1921లో కాంగ్రెస్ నాయకులు విడుదల చేసిన ప్రకటన మీద సంతకం చేసిన ఒకే ఒక్క విదేశీయుడు ఆయన. ప్రభుత్వోద్యోగం చేసి, ప్రభుత్వ పెన్షను తింటూ, డి.ఎ. బకాయిల కోసం ధర్నాలు చేసిన నేను ఈ వాక్యం రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. అప్పటి ప్రభుత్వం వేరు లెండి. ఆ డిసెంబరులో ఆయనను రాజద్రోహం కింద అరెస్టు చేసి, ఆరు నెలల శిక్ష వేసి లాహోరు జైల్లో పెట్టారు. తెల్లవాడు కాబట్టి ప్రత్యేక సౌకర్యాలు ఇస్తామంటే వద్దన్నారు, జామీను కూడా వద్దన్నారు. స్వాతంత్ర్యోద్యమంలో మన కోసం జైలుకు వెళ్ళిన అమెరికన్ ఆయన ఒక్కరే అంటారు. గాంధీ గారు తన పత్రికలో ఆయన గురించి గౌరవంగా రాశారు. అయినా అన్నింటికీ తల ఊపే మనిషి కాదు. విదేశీ బట్టలు తగలబెట్టడం ఆయనకు నచ్చలేదు, ఆ మాట దాచుకోలేదు.

జైలు నుంచి వచ్చాక ఆయన రోజులు ఎక్కువగా తోటలోనూ పుస్తకాల్లోనూ గడిచాయి. 1920ల మధ్యకు చెట్లు కాపుకొచ్చి పండు సిమ్లా బజారుకు చేరింది. అయినా ఇరుగుపొరుగు రైతులు వెంటనే ముందుకు రాలేదు. వారిది తప్పనలేం. గోధుమ వేసే మడిలో చెట్టు నాటితే అది కాసేదాకా పిల్లలు ఏం తినాలి? స్టోక్స్ గారు మొక్కలు ఊరికే పంచారు, నాటే పద్ధతి, కత్తిరింపు పద్ధతి నేర్పారు. మొక్కలు చిన్నవిగా ఉన్నన్నాళ్ళూ వరసల మధ్య చిక్కుడు, బఠాణీ వేసుకోవడం ఆ కొండల్లో ఈనాటికీ ఉన్న పద్ధతి. పప్పుజాతి పంట కాబట్టి నేలకూ మంచిదే. ఒక రైతు తోట కాయగానే పక్కవాడు, ఆ పక్కవాడు నాటాడు.

సొంత ఇంట్లో మాత్రం ఆయనకు పెద్ద దెబ్బ తగిలింది. తారా అనే చిన్న కొడుకు జబ్బు చేసి పోయాడు. ఆ పిల్లవాడి పేరు మీద ఇంటి దగ్గరే బడి పెట్టారు. ఊరి పిల్లలు, ఆడపిల్లలతో సహా, అందులో చదువుకున్నారు. సంస్కృతం నేర్చి ఉపనిషత్తులు, గీత లోతుగా చదివి, 1932లో కుటుంబంతో సహా హిందూమతం స్వీకరించి సత్యానంద అయ్యారు. ఆగ్నెస్ గారు ప్రియాదేవి అయ్యారు. 1937లో థానేధార్ కొండ మీద పరంజ్యోతి మందిరం కట్టించారు. చెక్క మీద గీతా శ్లోకాలు, ఉపనిషద్వాక్యాలు చెక్కించిన చిన్న గుడి. మేమూ చూశాం. మా ఇంటావిడ శ్లోకాలు చదువుకుంటూ అక్కడే కూర్చుండిపోయింది.

1946 మే 14న ఆయన కన్నుమూశారు. వయసు 63. మరో పదిహేను నెలలు బతికి ఉంటే తాను జైలుకు వెళ్ళిన పని పూర్తయిన రోజు చూసేవారు.

తరవాతి కథ అందరికీ తెలిసినదే. హిమాచల్ తొలి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. పర్మార్ గారు పండ్ల తోటలకు పెద్దపీట వేశారు. ఆ రాష్ట్రంలో ఆపిల్ తోటలు లక్ష హెక్టార్లు దాటాయి. వెట్టి మూటలు మోసిన రైతుల మనవలు సొంత ఇళ్ళు కట్టుకుని, పిల్లలను పెద్ద చదువులు చదివించారు. స్టోక్స్ గారి కోడలు విద్యా స్టోక్స్ గారు అక్కడ మంత్రిగా పనిచేశారు.

మంచితోపాటు చెడూ చెప్పాలి. కొండంతా ఒకే రకం చెట్టు నాటితే ఒక తెగులు వచ్చినా కొండంతా పాకుతుంది. 1980ల మొదట్లో ఆపిల్ మచ్చ తెగులు హిమాచల్ తోటలను దెబ్బకొట్టింది. పండ్ల పెట్టెల చెక్క కోసం చాలాకాలం అడవి నరికారు, అట్టపెట్టెలు వచ్చాకే అది తగ్గింది. ఇప్పుడు చలికాలాలు వేడెక్కుతున్నాయి. దిగువ ఎత్తుల్లో చలి గంటలు చాలక తోటలు తీసేస్తున్నారు. కిన్నౌర్, లాహౌల్ వంటి ఇంకా ఎత్తైన చోట్ల కొత్తగా నాటుతున్నారు. మరోవైపు తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలూ వచ్చాయి. బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ గారు అలాంటి రకం తీసినందుకు 2025లో పద్మశ్రీ పొందారు. మన విశాఖ మన్యంలో లంబసింగి, చింతపల్లి వైపు కూడా హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు ఆపిల్ మొక్కలు నాటి చూశారు.

కోట్‌గఢ్‌లో మాకు తోట చూపించిన రైతు పెద్దాయన ఒక ఖాళీ మెట్టు దగ్గర ఆగారు. అక్కడ వాళ్ళ తాతగారు నాటిన చెట్లు ఉండేవట. ముసలివై కాపు తగ్గితే తీసేశారు. కొత్త మొక్క నాటకుండా ఎందుకు వదిలేశారని అడిగాను. ఆపిల్ తీసిన గుంతలో వెంటనే ఆపిల్ నాటితే మొక్క ఎదగదని ఆయన చెప్పారు. అది నిజమే. పాత వేళ్ళ చుట్టూ చేరిన శిలీంధ్రాలు, నులిపురుగులు లేత వేరును పట్టుకుంటాయి. అలాంటి నేలకు కొన్నేళ్ళు విరామం ఇచ్చి, వేరే పంటలు వేసి, ఎరువు కొట్టి, పాత గుంతలకు ఎడంగా కొత్త గుంతలు తీయాలి. ఆ మెట్టులో ఆయన బఠాణీ వేశారు. రెండేళ్ళయిందని, ఇంకో ఏడాది చూసి మొక్క పెడతామని అన్నారు. నేను వంగి అక్కడి మట్టి కూడా కాస్త తీసి రుమాలులో కట్టుకున్నాను.